ఇద్దరే వెళ్లే ఒక్కరోజు కొండబాట ప్రయాణం: ప్రణాళిక నుంచి ఇంటికి చేరేదాకా

ఉదయం కారులో బయలుదేరి, రెండు మూడు గంటల దూరంలోని కొండకో జలపాతానికో చేరి, నాలుగైదు గంటలు నడిచి, రాత్రికి ఇంటికి రావాలనుకునే దంపతులు మొదట అడిగేది ఎక్కడికి వెళ్లాలని. అయితే ఇలాంటి రోజులు పాడయ్యేది ఎక్కువగా సమయం లెక్క తప్పడం వల్లనే. ఆలస్యంగా బయలుదేరడం, కొండ మీద ఇంకాస్త ముందుకు వెళ్దామనుకోవడం, చీకట్లో దిగడం, అలసిన కళ్లతో మలుపుల రోడ్డు మీద కారు నడపడం ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. అందుకే ఇక్కడ లెక్క చీకటి పడే వేళతో మొదలై, ఇల్లు కదిలే వేళ దాకా వెనక్కి నడుస్తుంది.

ఇది గుర్తులు పెట్టిన కాలిబాటల మీద ఇద్దరు పెద్దవాళ్లు పగటిపూట నడిచే నడకకు సంబంధించినది. మంచు మీద నడక, తాళ్ల సాయంతో రాళ్లెక్కడం, రాత్రి బస దీని పరిధిలోకి రావు.

1. చోటును నెమ్మదిగా నడిచేవారిని బట్టి ఎంచుకోండి

ఇద్దరి శక్తికి సగటు కట్టి బాట ఎంచుకోవడం సర్వసాధారణంగా జరిగే పొరపాటు. సగటు బాట ఒకరికి చాలీచాలనిదిగా, మరొకరికి భారంగా ఉంటుంది. మెట్లెక్కితే ఎవరు ముందుగా ఆయాసపడతారో, ఎవరి మోకాళ్లు నొప్పి పెడతాయో ఇద్దరికీ తెలుసు. వారికి హాయిగా ఉండే బాటే ఆ రోజుకు సరైన బాట.

దూరం ఒక్కటే చూస్తే మోసపోతారు. ఎక్కవలసిన ఎత్తు అంతకన్నా ముఖ్యం. 600 మీటర్లు ఎక్కించే ఆరు కిలోమీటర్ల బాట చాలామందిని పన్నెండు కిలోమీటర్ల చదును బాట కన్నా ఎక్కువగా అలసటకు గురిచేస్తుంది. అలవాటు లేనివారు తొలిసారి రానూపోనూ ఎనిమిది కిలోమీటర్లు, 300 మీటర్ల ఎత్తు దాటకుండా చూసుకోవాలి.

మ్యాపులో ఎత్తును చూపే వంపు గీతలు చదవడం పది నిమిషాల్లో వచ్చే విద్య. ఒక్కో గీత ఒకే ఎత్తులోని బిందువులను కలుపుతుంది. మీ బాట ఆ గీతలను అడ్డంగా కోసుకుంటూ పోతుంటే ఎక్కుతున్నట్టు లేదా దిగుతున్నట్టు, వాటి పక్కనే సాగుతుంటే చదునుగా వెళ్తున్నట్టు అర్థం. గీతలు ఒత్తుగా ఉన్నచోట వాలు నిటారుగా ఉంటుంది. బాట మొత్తంలో అలాంటి ఒత్తు పట్టీ ఎక్కడుందో ముందే చూసి పెట్టుకుంటే, అది పొద్దున చల్లబాటు వేళ వస్తుందా, మిట్టమధ్యాహ్నం వస్తుందా అన్నది తెలుస్తుంది.

చోటు ఖాయం చేసేముందు ఇవి సరిచూసుకోండి:

- ప్రవేశానికి అనుమతి కావాలా, గేటు ఎన్నింటికి మూస్తారు, ఈ కాలంలో బాట తెరిచే ఉందా? ఆ ప్రాంతాన్ని నిర్వహించే అధికారిక సంస్థ చెప్పిన మాటే ప్రమాణం.
- కారు ప్రయాణం ఒక వైపుకు మూడు గంటలు దాటుతోందా? దాటితే ఒక్కరోజు యాత్రగా దాన్ని వదిలేయడమే మంచిది.
- ఫోటోల్లో చూసిన జలపాతంలో మీరు వెళ్లే నెలలో నీళ్లుంటాయా? ఫోటోలు ఎప్పుడూ మంచి వారంలోనే తీస్తారు.
- బాట వాగు దాటుతుందా? దాటితే వంతెన ఉందా?
- వెళ్లిన దారినే తిరిగొచ్చే బాటా, చుట్టి వచ్చే బాటా? కొత్తచోట మొదటిది మేలు. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనుదిరగవచ్చు, దిగే దారి ముందే చూసి ఉంటారు.

ఒకరికి ఫోటోలు ముఖ్యం, మరొకరికి శిఖరం చేరడం ముఖ్యం అయితే ఆ మాట ఇంట్లోనే తేల్చుకోండి. ప్రతి పువ్వు దగ్గరా ఆగే రోజును, ఆగకుండా నడిచే రోజును ఒకే సమయపట్టికలో ఇరికించలేరు.

2. సమయాన్ని వెనక్కి లెక్కించండి

స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఇచ్చిన సూత్రాన్ని కొండల్లో నడిచేవారు ఇప్పటికీ వాడుతున్నారు. మెట్రిక్ కొలతల్లో చెప్పాలంటే, ప్రతి ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా మరో గంట. ఇది ఆగకుండా నడిచే దృఢమైన మనిషి లెక్క. ఇందులో విశ్రాంతి, భోజనం, ఫోటోలు, ఊడిన బూటు లేసులు కట్టుకోవడం లేవు. కాబట్టి వచ్చిన ఫలితాన్ని ఒకటిన్నరతో హెచ్చించండి.

ఒక ఉదాహరణ చూద్దాం. బాట రానూపోనూ 12 కిలోమీటర్లు, ఎక్కడం 600 మీటర్లు. పోయేటప్పుడు ఆరు కిలోమీటర్లకు 72 నిమిషాలు, ఎత్తుకు 60 నిమిషాలు, మొత్తం 132 నిమిషాలు. ఒకటిన్నరతో హెచ్చిస్తే 198, అంటే 3 గంటల 18 నిమిషాలు. దిగడానికి 72 నిమిషాలు ఒకటిన్నర రెట్లయితే 1 గంట 48 నిమిషాలు. పైన కూర్చోవడానికి అరగంట కలిపితే నడక ఇంచుమించు 5 గంటల 35 నిమిషాలు పడుతుంది. దిగుడు మరీ నిటారుగా, వదులు రాళ్లతో ఉంటే దిగే సమయాన్ని ఇంకా పెంచాలి. దిగడం ఎప్పుడూ ఎక్కడం కన్నా తేలికనుకోవడం మోకాళ్లు ఒప్పుకోని ఊహ.

ఇక వెనక్కి రండి. సూర్యాస్తమయం సాయంత్రం 6:00కి అనుకుందాం.

- చీకటి పడేలోగా ఘాట్ రోడ్డు దిగిపోవాలి. దానికి 45 నిమిషాలు. కారు కదలవలసింది 5:15కి.
- బూట్లు మార్చుకుని, నీళ్లు తాగి, సామాను సర్దడానికి 10 నిమిషాలు. అంటే 5:05.
- అనుకోని ఆలస్యానికి ఒక గంట నిల్వ. నడక ముగియవలసింది 4:05కి.
- నడకకు 5 గంటల 35 నిమిషాలు. మొదలు పెట్టవలసింది 10:30కి.
- కారు ఆపి సిద్ధం కావడానికి 15 నిమిషాలు. చేరవలసింది 10:15కి.
- మ్యాపు చూపే ప్రయాణం రెండున్నర గంటలు. దానికి నాలుగో వంతు, దారిలో ఒక పావుగంట ఆగడం కలిపితే ఇంచుమించు 3 గంటల 25 నిమిషాలు. ఇల్లు కదలవలసింది 6:50కి.

ఇందులోంచే మరో ముఖ్యమైన వేళ తేలుతుంది. 10:30కి మొదలై, 3 గంటల 18 నిమిషాలు ఎక్కి, అరగంట కూర్చుంటే మధ్యాహ్నం దాదాపు 2:20 అవుతుంది. అది మీ వెనుదిరిగే వేళ. దాన్ని కాగితం మీద రాసి, ఫోనులో అలారం పెట్టండి. ఆ వేళకు శిఖరం కళ్లముందే ఉన్నా దిగడం మొదలుపెట్టాలి. ఈ నిర్ణయం ఇంట్లో చల్లగా కూర్చున్నప్పుడు తీసుకోవలసినది, ఎందుకంటే కొండ మీద ఒకరు "ఇంకో పది నిమిషాలే" అంటే రెండోవారు కాదనలేరు.

పొద్దున ఒక గంట ఆలస్యమైతే ఆ గంటను నిల్వ నుంచి తీయకండి. బాటను కుదించండి.

3. వాతావరణం చూడండి, కానీ కొండ మీది వాతావరణాన్ని చూడండి

దగ్గరి ఊరి సూచన కొండకు సరిపోదు. సగటున ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున తగ్గుతుంది. దానికి శిఖరం మీది గాలి, చెమటకు తడిసిన చొక్కా తోడైతే చలి ఇంకా పెరుగుతుంది. ముందురోజు సాయంత్రం ఒకసారి, బయలుదేరే ముందు మరోసారి గంటవారీ సూచన చూడండి.

పిడుగులతో కూడిన వర్షాలు చాలాచోట్ల మధ్యాహ్నం తర్వాతే కురుస్తాయి. ఆ సూచన ఉంటే మధ్యాహ్నానికల్లా గట్టు దిగి ఉండేట్టు మొత్తం పట్టికను ముందుకు జరపండి, వీలుకాకపోతే చోటు మార్చండి. ఇందుకోసం తక్కువ ఎత్తులో ఉండే, తక్కువ దూరం గల రెండో బాటను ముందే అనుకుని ఉంచుకోవాలి. రెండో ప్రణాళిక లేనివాళ్లే చెడు వాతావరణంలో మొదటి ప్రణాళికను పట్టుకుని వేలాడతారు.

4. కారును ముందురోజే సిద్ధం చేయండి

- టైర్లలో గాలి, స్టెప్నీలో గాలి. కారు నడవక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూస్తేనే కొలత సరిగ్గా వస్తుంది.
- జాకీ, వీల్ స్పానరు కారులో ఉన్నాయా? ఇద్దరిలో ఒక్కరికైనా టైరు మార్చడం వచ్చా?
- బ్రేకులు, హెడ్‌లైట్లు, వైపర్లు, కూలెంటు.
- ఇంధనం: ఘాట్ రోడ్డు మొదలయ్యే ముందు కనీసం సగం ట్యాంకు.
- కారు తాళం చెవులు రెండూ, ఒక్కొక్కటి ఒక్కొక్కరి దగ్గర. ఒకే సంచిలో రెండూ పెడితే రెండు తెచ్చి లాభం లేదు.
- కారులోనే ఉంచే సామాను: పొడి బట్టలు, చెప్పులు, తువ్వాలు, దుప్పటి, రెండు లీటర్ల నీళ్లు, కాస్త తిండి.

ఇద్దరికీ డ్రైవింగు వచ్చి ఉంటే మంచిది. ఒక్కరికే వస్తే, ఆ ఒక్కరి కాలు మడతపడితే ఇల్లు చేరేదెలా అన్న ప్రశ్నకు జవాబు ముందే ఉండాలి. ఎవరిని పిలుస్తారో పేరు అనుకోండి.

5. రెండు సంచులు, రెండూ సంపూర్ణంగా

దంపతులు వెళ్లినప్పుడు నీళ్లు ఒకరి దగ్గర, తిండి మరొకరి దగ్గర, మ్యాపు ఒకరి ఫోనులో, పవర్ బ్యాంకు మరొకరి సంచిలో ఉండటం మామూలే. బరువు పంచుకోవడానికి అది బాగుంటుంది. ఇద్దరూ పొరపాటున విడిపోయినా, ఒక సంచి లోయలో పడిపోయినా అదే ఇబ్బంది అవుతుంది. ప్రాణావసరమైనవి ఇద్దరి దగ్గరా విడివిడిగా ఉండాలి. మిగతావి పంచుకోవచ్చు.

ప్రతి ఒక్కరి సంచిలో:

- నీళ్లు: మామూలు వాతావరణంలో నడిచే గంటకు అర లీటరు చొప్పున, ఎండ ఎక్కువైతే అంతకు మించి.
- తిండి: ఒక పూట భోజనం, దానికి తోడు తినకుండా తిరిగి తెచ్చినా బాధపడని అదనపు చిరుతిండి.
- హెడ్‌టార్చి. ఫోను లైటు దానికి బదులు కాదు. అది ఒక చేతిని బంధిస్తుంది, బ్యాటరీ తినేస్తుంది.
- విజిలు, గాలినీ వాననూ ఆపే జాకెట్టు, పలుచని వెచ్చని దుస్తు ఒకటి.
- ఆఫ్‌లైన్ మ్యాపు దింపుకున్న ఫోను. సిగ్నలు లేకపోయినా ఫోనులోని జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాపు మాత్రం ముందే దింపి ఉండాలి.
- కారు తాళం చెవి, గుర్తింపు కార్డు, రోజూ వేసుకునే మందులు.

పంచుకునేవి:

- కాగితపు మ్యాపు, పవర్ బ్యాంకు, కేబుల్.
- ప్రథమ చికిత్స: క్రేప్ బ్యాండేజి, గాయానికి వేసే ప్యాడ్లు, టేపు, బొబ్బల ప్లాస్టర్లు, నొప్పి మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు.
- చిన్న కత్తి, చెత్త సంచి, సన్‌స్క్రీను, నడక కర్రలు.

బూట్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే రోజును చెడగొట్టడంలో వాటి తర్వాతే ఏదైనా. కొత్త బూట్లను వారం రెండు వారాలు ఊళ్లో నడిచి అలవాటు చేసుకోకుండా కొండకు తీసుకెళ్లకండి. కాలిగోళ్లు ముందురోజు కత్తిరించుకోండి. దిగేటప్పుడు వేళ్లు బూటు ముందు భాగానికి కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి. దీనికి మందు లేసులో ఉంది: పాదం పైభాగం దాకా మామూలుగా బిగించి, మడమను బూటు వెనక్కి గట్టిగా ఆనించి, చీలమండ దగ్గర లేసును ఒకదాని చుట్టూ ఒకటి రెండుసార్లు మెలితిప్పి, ఆ తర్వాత పైకి కట్టండి. ఆ మెలి దగ్గర బిగువు జారదు, పాదం ముందుకు కదలదు. దిగడం మొదలుపెట్టే ముందు ఇద్దరూ ఆగి ఇలా కట్టుకోవడానికి పట్టేది రెండు నిమిషాలు. మేజోళ్లు ఉన్నివో సింథటిక్‌వో వాడాలి. నూలువి చెమటను పట్టి ఉంచి బొబ్బలు తెస్తాయి.

6. మూడో మనిషికి చెప్పండి

ఇంట్లో ఉండే ఒకరికి రాతపూర్వకంగా పంపవలసినవి: బాట పేరు, కారు ఆపే చోటు, కారు నంబరు, నడక ముగిసే వేళ, ఎన్నింటిదాకా మీ నుంచి కబురు రాకపోతే ఎవరికి ఫోను చేయాలి. చివరిది లేకపోతే ఆ మనిషి కంగారు పడటం తప్ప మరేమీ చేయలేరు. దారిలో ప్రణాళిక మారితే సిగ్నలు ఉండగానే మళ్లీ కబురు పెట్టండి.

7. దారిలో

పక్కన కూర్చున్నవారి పని దారి చూడటం. నడిపేవారు ఫోను ముట్టుకోకూడదు. ఘాట్ రోడ్డు మీద వాంతి వచ్చేట్టు ఉండేవారు ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డు మీదికి చూడాలి. ఫోను, మ్యాపు చూస్తే వికారం పెరుగుతుంది.

దిగేటప్పుడు చిన్న గేరులో దిగాలి. అదేపనిగా బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. కాలిన వాసన వచ్చినా, పెడలు మెత్తగా తోచినా విశాలమైన చోట ఆపి చల్లారనివ్వాలి. న్యూట్రల్‌లో దిగడం ఇంధనం ఆదా అనుకునేవారు ఇంకా ఉన్నారు. అది చేయకూడని పని.

రోడ్డు మీద నీళ్లు పారుతుంటే లోతు కంటితో అంచనా వేయకండి. పారే నీరు అడుగు లోతుంటే చిన్న కార్లను కదిలించగలదు, రెండడుగులైతే పెద్ద వాహనాలను కూడా తోసుకుపోగలదు. వెనక్కి తిరగడమే.

కారును దిగే దిశలో, బయటికి వచ్చేలా ఆపండి. విలువైనవి కనబడేలా వదలకండి. ఫోనులో కారున్న చోటును గుర్తు పెట్టుకోండి.

8. నడక

1. మొదటి పావుగంట కావాలనే నెమ్మదిగా నడవండి. పది పదిహేను నిమిషాల తర్వాత ఒకసారి ఆగి, పైదుస్తు తీసి, లేసులు సరిచేసుకోండి. బయలుదేరేటప్పుడు కాస్త చలిగా అనిపించడమే సరైన దుస్తులకు గుర్తు.

2. నెమ్మదిగా నడిచేవారిని ముందు పెట్టండి. వేగంగా నడిచేవారు ముందుంటే, వారు ఆగి విశ్రాంతి తీసుకుని, వెనుకవారు చేరగానే మళ్లీ కదులుతారు. అలసినవారికి ఒక్క నిమిషమూ విశ్రాంతి దొరకదు. దంపతుల నడకల్లో వచ్చే అలకల్లో సగం ఇక్కడే పుడతాయి.

3. ఎక్కేటప్పుడు పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగమే వేగం. మాట తెగిపోతుంటే తగ్గించండి.

4. దాహం వేసేదాకా చూడకుండా కొంచెం కొంచెంగా తాగండి. అయితే తిండి, ఉప్పు లేకుండా నీళ్లే అదేపనిగా తాగడం కూడా ప్రమాదమే. రక్తంలో సోడియం తగ్గిపోతుంది.

5. బాట చీలినచోట ఇద్దరూ ఆగి మ్యాపు చూసి ఒప్పుకున్నాకే కదలండి. వెనక్కి తిరిగి ఆ చీలికను ఒకసారి చూసి, ఫోటో తీసుకోండి. వచ్చేటప్పుడు అది కనిపించేది ఆ వైపు నుంచే.

6. పాదంలో ఎక్కడైనా వేడిగా, రాపిడిగా తోచిన క్షణమే ఆగి టేపు వేయండి. "తర్వాత చూద్దాం" అంటే అది బొబ్బ అవుతుంది.

7. మలవిసర్జన తప్పనిసరైతే, స్థానిక నిబంధనలు వేరుగా చెప్పనిచోట, నీటికీ బాటకూ 60 మీటర్ల దూరంలో 15 నుంచి 20 సెంటీమీటర్ల గుంట తవ్వి పూడ్చాలి. కాగితం చెత్త సంచిలో వెనక్కి రావాలి.

గడియారం చూడలేని పరిస్థితిలో పొద్దు ఎంతుందో చేతితో కొలవవచ్చు. సూర్యుని వైపు నేరుగా చూడకుండా, చేయి పూర్తిగా చాపి, వేళ్లను అడ్డంగా పెట్టి, దిగంతానికీ సూర్యునికీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో లెక్కించండి. ఒక్కో వేలు దాదాపు పావుగంట. ఇది ఉజ్జాయింపు మాత్రమే. లోయలో ఉంటే ఎదుటి గట్టు వెనుకకే సూర్యుడు వెళ్లిపోతాడు కాబట్టి వెలుగు ఇంకా ముందే తగ్గుతుంది.

9. తరచు వచ్చే చిక్కులు, వాటికి విరుగుడు

దారి తప్పడం. అనుమానం రాగానే ఆగండి. ముందుకు వెళ్తే బాట దొరుకుతుందన్న ఆశే తప్పును పెంచుతుంది. జీపీఎస్ చూసి, చివరిగా కచ్చితంగా తెలిసిన చోటుకు వచ్చిన దారినే వెళ్లండి. వెతకడానికి ఇద్దరూ చెరోవైపు వెళ్లకండి.

చీలమండ మడతపడటం. నడిచి దిగవలసి ఉంటే బూటు విప్పకండి. విప్పితే వాపు వల్ల మళ్లీ పట్టకపోవచ్చు. బూటు మీదనే క్రేప్ బ్యాండేజి చుట్టి, కర్రల సాయంతో, గాయపడినవారి సంచిలోని బరువు రెండోవారి సంచిలోకి మార్చి దిగండి. పాదం మోపలేకపోతే నడిపించే ప్రయత్నం మానండి.

సాయం పిలవడం. చాలా దేశాల్లో మొబైలు నుంచి 112 పనిచేస్తుంది. మీ సిమ్‌కు సిగ్నలు లేకపోయినా వేరే కంపెనీ సిగ్నలు ఉంటే ఆ కాల్ వెళ్లే అవకాశం ఉంటుంది. మొదట చెప్పవలసింది మీరున్న చోటును తెలిపే జీపీఎస్ అంకెలు, ఎందుకంటే కాల్ ఎప్పుడైనా తెగిపోవచ్చు. విజిలును నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదడం పర్వతాల్లో చాలాచోట్ల తెలిసిన ఆపద సంకేతం.

ఒకరిని వదిలి వెళ్లవలసి రావడం. ఇద్దరే ఉన్నప్పుడు ఇది అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం. ఫోను కలవక, ఆ దారిన వచ్చేవారెవరూ లేనప్పుడే దాన్ని ఆలోచించండి. గాయపడినవారిని గాలి తగలని, పైనుంచి కనబడే చోట, నేల చల్లదనం తగలకుండా సంచి మీద కూర్చోబెట్టండి. వెచ్చని బట్టలన్నీ, నీళ్లు, విజిలు, టార్చి వారి దగ్గర ఉంచండి. ఆ చోటి జీపీఎస్ అంకెలను కాగితం మీద రాసుకుని, జ్ఞాపకం మీద ఆధారపడకుండా, తెలిసిన దారినే దిగండి.

పిడుగులు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కన్నా తక్కువ ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది. గట్టు మీది నుంచి, ఒంటరి చెట్టు కింది నుంచి, నీటి పక్క నుంచి కదలండి. కారు చేరగలిగితే అద్దాలు మూసుకుని అందులో ఉండటం క్షేమం. చేరలేకపోతే ఇద్దరూ పక్కపక్కన నిలబడకుండా దూరదూరంగా ఉండండి, ఒకరికి తగిలితే రెండోవారు సాయం చేయగలుగుతారు. చివరి ఉరుము విన్న తర్వాత 30 నిమిషాలు ఆగాలి.

ఎండదెబ్బ సూచనలు. తలనొప్పి, వికారం, విపరీతమైన చెమట, నీరసం కనిపిస్తే నీడలో కూర్చోబెట్టి, ఓఆర్ఎస్ గుక్కగుక్కగా తాగిస్తూ, తడిగుడ్డతో విసరండి. మాట తడబడినా, ఎక్కడున్నారో తెలియకపోయినా అది అత్యవసర స్థితి. సాయం కోసం పిలుస్తూనే వెంటనే ఒళ్లు తడిపి చల్లబరచాలి, స్పృహ సరిగా లేనివారికి ఏమీ తాగించకూడదు.

ఒకరు ఆగిపోదామంటే. చర్చ లేదు. వెనక్కి రావాలన్నవారి మాటే చెల్లుతుందని ఇంట్లోనే ఒప్పుకుని ఉండండి. బుజ్జగించి ముందుకు నడిపించడం మంచి ఉద్దేశంతోనే జరుగుతుంది, ఫలితం మాత్రం అలా ఉండదు.

10. తిరుగు ప్రయాణం

నడక ముగియగానే మూడో మనిషికి కబురు పెట్టండి. తడి బట్టలు, బూట్లు మార్చుకుని, ఏదైనా తిని, ఆ తర్వాతే కారు తీయండి. పొద్దున్నే లేచి, ఎండలో నడిచి, కడుపునిండా తిన్న మనిషికి ఏసీ కారులో నిద్ర రావడం సహజం. ఆవులింతలు, రెప్పలు బరువెక్కడం, దాటిన కిలోమీటర్లు గుర్తులేకపోవడం కనిపిస్తే పాట పెంచడం, అద్దం దించడం పనిచేయవు. సురక్షితమైన చోట ఆపి ఇరవై నిమిషాలు నిద్రపోవాలి. రెండు గంటలకొకసారి నిద్ర రాకపోయినా ఆగండి. పక్కవారు నిద్రపోతే నడిపేవారికి కూడా మత్తు వస్తుంది కాబట్టి, వంతులవారీగా నడపగలిగితే నడపండి, లేదంటే మాట్లాడుతూ ఉండండి. రాత్రి ఆలస్యమయ్యేట్టుంటే దారిలో ఎక్కడైనా గది తీసుకోవడానికి సంకోచించనక్కర లేదు.

11. ఇంటికి చేరాక

- గడ్డి, పొదల గుండా నడిచి ఉంటే స్నానానికి ముందు ఒంటి మీద పురుగులు ఉన్నాయేమో ఒకరినొకరు చూసుకోండి: మోకాళ్ల వెనుక, నడుము దగ్గర, చెవుల వెనుక, జుట్టులో.
- పట్టిన పిడుదులు (చర్మాన్ని కరిచి రక్తం పీల్చే చిన్న పురుగులు) ఏవైనా ఉంటే సన్న మొనల పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టి నేరుగా పైకి లాగండి. నూనె పూయడం, కాల్చడం వద్దు.
- ఎక్కడానికి, దిగడానికి నిజంగా పట్టిన సమయాలను నైస్మిత్ లెక్క పక్కన రాసి, మీ ఇద్దరి సొంత గుణకాన్ని తేల్చుకోండి. కొందరికది 1.3 రావచ్చు, కొందరికి 1.8.
- వాడిన బ్యాండేజీలు, టేపు తిరిగి నింపండి. టార్చి, పవర్ బ్యాంకు ఛార్జి చేయండి.
- తడిసిన బూట్లలో అడుగుపొర బయటికి తీసి, లోపల కాగితాలు కుక్కి, నీడలో ఆరనివ్వండి. ఎండలోనో హీటరు ముందో పెడితే అడుగు అంటించిన జిగురు వదులవుతుంది.